కీమో మాత్రలు ఇంట్లో వేసుకోవడం ఎలా: కేపెసిటబిన్ వాడేవారికి సమగ్ర మార్గదర్శి

కీమోథెరపీ అనగానే సెలైన్ సీసా, ఆసుపత్రి మంచం, పక్కనే నర్సు గుర్తొస్తారు. మాత్రల రూపంలో ఇచ్చే కీమోలో అవేవీ ఉండవు. మందుల సంచి చేతికిస్తారు, ఇంటికొస్తారు, భోజనం చేసి వేసుకుంటారు. చూడ్డానికి బీపీ మాత్రలాగే ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు కూడా దాన్ని అలాగే చూస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆసుపత్రిలో అయితే మందు ఎక్కించే ముందు ప్రతిసారీ ఎవరో ఒకరు రిపోర్టు చూస్తారు, జ్వరం వచ్చిందా, విరేచనాలు అయ్యాయా అని అడుగుతారు, తేడాగా ఉంటే ఆ రోజుకు ఆపేస్తారు. మాత్రలు ఇంటికి తెచ్చుకున్నాక ఆ పని మీ మీదే పడుతుంది, అదీ రోజుకు రెండుసార్లు. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దాని గురించే: ఎప్పుడు వేసుకోవాలో తెలిసినంత బాగా ఎప్పుడు ఆపి ఫోన్ చేయాలో కూడా తెలిసి ఉండాలి.

కీమో మాత్రలన్నిటికీ ఒకే నియమం వర్తించదు. టెమోజోలమైడ్ సాధారణంగా ఖాళీ కడుపుతో వేసుకోమంటారు. సైక్లోఫాస్ఫమైడ్ అయితే పొద్దున వేసుకుని, మూత్రాశయం దెబ్బతినకుండా రోజంతా నీళ్ళు బాగా తాగమంటారు. కాబట్టి పక్క బెడ్డువాళ్ళు చెప్పిన సలహా మీ మందుకు పనికిరాకపోవచ్చు, ఒక్కోసారి హాని కూడా చేయవచ్చు. ఇక్కడ చెప్పేదంతా పెద్దపేగు, రొమ్ము, జీర్ణాశయ క్యాన్సర్లలో విరివిగా వాడే కేపెసిటబిన్ గురించి. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మాత్ర ఒంట్లోకి వెళ్ళాక దశలవారీగా 5-ఫ్లోరోయురాసిల్ అనే పాత కీమో మందుగా మారుతుంది. ఆ మార్పులో చివరి మెట్టుకు కావలసిన ఎంజైమ్ చాలా కణితుల్లో మామూలు కణజాలంలో కన్నా ఎక్కువగా ఉంటుంది. అలాగని మామూలు కణాలకు ఏమీ కాదని కాదు. పేగుల లోపలి పొర, నోరు, ఎముక మజ్జ లాంటి త్వరత్వరగా కొత్త కణాలు పుట్టే చోట్లు దెబ్బతింటాయి. అరిచేతుల, అరికాళ్ళ చర్మానికీ ఈ మందు దెబ్బ గట్టిగానే తగులుతుంది.

మొదటి మాత్రకు ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు డీపీడీ పరీక్ష గురించి అడగండి. ఒంట్లోకి చేరిన 5-ఫ్లోరోయురాసిల్‌లో ఎక్కువ భాగాన్ని విరగ్గొట్టి బయటికి పంపేది డీపీడీ అనే ఎంజైమ్. జన్యువుల్లో తేడా వల్ల కొద్దిమందిలో ఇది తక్కువగా ఉంటుంది, అరుదుగా బొత్తిగా ఉండదు. అలాంటివారికి మామూలు డోసు కూడా విషంతో సమానం. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2020 నుంచి మందు మొదలుపెట్టే ముందే ఈ పరీక్ష చేయించమంటోంది. పరీక్ష అన్నిచోట్లా మామూలుగా చేయరు కాబట్టి మీరే అడగడం మంచిది. రిపోర్టు బాగానే వచ్చినా, తెలిసిన జన్యుమార్పులు లేవని మాత్రమే దానర్థం. మొదటి సైకిల్లో, అంటే మందు వాడే మొదటి విడతలో, జాగ్రత్త తగ్గించకూడదు.

తర్వాత కిడ్నీలు. కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా శుభ్రం చేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 30 నుంచి 50 మిల్లీలీటర్ల మధ్య ఉంటే మొదటి డోసునే మూడొంతులకు, అంటే 75 శాతానికి తగ్గిస్తారు. 30 కన్నా తక్కువైతే ఈ మందు ఇవ్వరు.

ఇక మీరు వాడుతున్న మిగతా మందులు. పేర్లు గుర్తుచేసుకుని చెప్పడం కన్నా డబ్బాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళి చూపించడం మేలు. రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ప్రమాదం బాగా పెరుగుతుంది, అది మాత్రలు మొదలుపెట్టిన కొద్దిరోజులకే కాక నెలల తర్వాత కూడా బయటపడవచ్చు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ మోతాదు రక్తంలో పెరిగిపోతుంది. గౌట్ అనే కీళ్ళ వాతానికి వాడే అల్లోప్యూరినాల్ కేపెసిటబిన్ పనితనాన్ని తగ్గించగలదు. నాలుగు రోజులు బలానికని వేసుకునే మల్టీవిటమిన్‌లోని ఫోలిక్ యాసిడ్ గురించి ఎవరూ పట్టించుకోరు గానీ, అది ఈ మందు దుష్ప్రభావాలను పెంచుతుంది. జోస్టర్ అనే సర్పి జబ్బుకు కొన్ని దేశాల్లో ఇచ్చే బ్రివుడిన్‌తో కలిస్తే ప్రాణాలే పోయిన సందర్భాలున్నాయి, ఆ రెంటికీ మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. మూలికల మందులు వాడుతుంటే దాచకండి. డాక్టరు కోప్పడతారేమోనని దాచిపెట్టేది ఎక్కువగా వీటినే.

గుండె జబ్బు ఏదైనా ఉంటే చెప్పండి. గర్భం ఉందేమో తేల్చుకోండి. చివరగా, రాత్రి రెండు గంటలకు ఇబ్బంది వస్తే ఏ నంబరుకు చేయాలో అడిగి, దాన్ని మందు డబ్బా మీదే రాసి పెట్టుకోండి.

డోసు లెక్క మీకూ తెలియాలి

ఈ మందు డోసును శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి కడతారు, ఎత్తు, బరువుల నుంచి ఆ అంకె వస్తుంది. ఉదాహరణకు వైశాల్యం 1.6 చదరపు మీటర్లు, డాక్టరు ఎంచుకున్న డోసు చదరపు మీటరుకు 1000 మిల్లీగ్రాములు అనుకుందాం. పూటకు 1600 వస్తుంది. మాత్రలు 500, 150 మిల్లీగ్రాముల సైజుల్లో దొరుకుతాయి కాబట్టి పూటకు 500వి మూడు, అంటే 1500గా సర్దుతారు. పొద్దున మూడు, సాయంత్రం మూడు, 14 రోజులు. ఆ తర్వాత 7 రోజులు విరామం. మొత్తం 21 రోజులు ఒక సైకిల్.

అంటే ఆ సైకిల్‌కు 84 మాత్రలు. డబ్బాలో అంతకన్నా ఎక్కువ ఉంటే మిగిలినవి మిగలాలి. పద్నాలుగు రోజులు దాటాక కూడా "ఇంకా ఉన్నాయి కదా" అని వేసుకుంటూ పోవడం ఈ మందుతో జరిగే ప్రమాదకరమైన పొరపాట్లలో ఒకటి. కేలండర్ మీద మొదలుపెట్టే రోజు, ఆపే రోజు, మళ్ళీ మొదలుపెట్టే రోజు మూడూ రాసుకోండి. మొదటి డోసు సాయంత్రం వేసుకుంటే చివరి డోసు పదిహేనో రోజు పొద్దున పడుతుంది, అది కూడా ముందే రాసిపెట్టుకుంటే తికమక ఉండదు. రేడియేషన్‌తో పాటు ఇస్తే లెక్క వేరుగా ఉంటుంది, తక్కువ డోసులో, తరచుగా రేడియేషన్ ఉన్న రోజుల్లోనే. మీ చీటీలో ఏముందో అదే చేయండి.

ఇంకో తనిఖీ: ప్రతి సైకిల్‌కూ కొత్త డబ్బా తెచ్చినప్పుడు కంపెనీ మారిందేమో, మాత్ర సైజు మారిందేమో చూడండి. పోయినసారి పూటకు మూడు కదా అని 150వి మూడు వేసుకుంటే మందు చాలదు. పూటకు 150వి ఒకటో రెండో వేసుకోవాల్సినవాళ్ళు అదే సంఖ్యలో 500వి వేసుకుంటే ఎంత తేడా వస్తుందో చెప్పక్కర్లేదు.

మాత్ర వేసుకునే పద్ధతి

భోజనం ముగించిన అరగంటలోపు, నీళ్ళతో, మాత్రలను మాత్రలుగానే మింగాలి. రెండు పూటల మధ్య దాదాపు 12 గంటల ఎడం ఉండాలి. నమలకూడదు, విరవకూడదు, పొడి చేయకూడదు. మింగడం కష్టమైతే ఇంట్లో ఉపాయాలు పన్నకుండా ఫార్మసిస్టును అడగండి, ఎందుకంటే ఆ పొడి గాలిలో కలిస్తే పీల్చేది ఇంట్లోవాళ్ళే.

ఒక పూట మరిచిపోతే దాన్ని వదిలేయండి. తర్వాతి పూట మామూలు డోసు వేసుకోండి, రెట్టింపు వద్దు, పద్నాలుగు రోజుల తర్వాత అదనంగా పొడిగించవద్దు. మాత్ర వేసుకున్న వెంటనే వాంతి అయినా మళ్ళీ వేసుకోకూడదు, ఎంత లోపలికి వెళ్ళిందో ఎవరికీ తెలియదు కాబట్టి. మరిచిపోయిన విషయం మాత్రం రాసిపెట్టుకోండి.

మాత్రలు ముట్టుకునేవాళ్ళ సంగతి. రోగి తనంతట తాను వేసుకోగలిగితే అదే మంచిది, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంకొకరు ఇవ్వాల్సి వస్తే చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు, పాలిస్తున్న తల్లులు అసలు ముట్టుకోకూడదు. ఇంట్లో అందరి మందులూ పెట్టే డబ్బాలో వీటిని కలపవద్దు. మందులో కొంత మూత్రం, మలం, వాంతి ద్వారా బయటికి వస్తుంది, కాబట్టి మందు వాడే రోజుల్లోనూ చివరి మాత్ర తర్వాత 48 గంటల పాటూ మూత మూసి ఫ్లష్ చేయడం, మలమూత్రాలు అంటిన బట్టలను గ్లవ్స్‌తో తీసి విడిగా ఉతకడం అలవాటు చేసుకోండి. ఒకే కంచంలో తినకూడదు, పిల్లల్ని దగ్గరికి తీసుకోకూడదు అనే భయాలు మాత్రం అక్కర్లేదు. హత్తుకోవచ్చు, పక్కన పడుకోవచ్చు.

ఆపాల్సిన గీత ఎక్కడుంది

చాలామంది ఇబ్బంది ముదిరేదాకా ఓర్చుకుంటారు. మాత్ర ఆపితే జబ్బు పెరుగుతుందేమో, బలహీనులమనుకుంటారేమో, డాక్టరును విసిగించడం ఎందుకు అనుకుంటారు. ఈ మూడింట్లో ఒక్కటీ సరైంది కాదు. తీవ్రత ఒక స్థాయి దాటగానే ఆపి, తగ్గాక అదే డోసుతోనో తగ్గించిన డోసుతోనో మళ్ళీ మొదలుపెట్టడం ఈ మందు వాడే విధానంలోనే ఉంది. అలా ఆపిన పూటలను తర్వాత పూడ్చరు కూడా. రెండు మూడు రోజులు ఆపడం వల్ల చికిత్స చెడదు. వారం రోజులు ఓర్చుకుని ఆసుపత్రిలో చేరితే మాత్రం నెల రోజులు పోతాయి.

కింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా తర్వాతి మాత్ర వేసుకోకుండా ఫోన్ చేయండి:

- మామూలుగా వెళ్ళేదానికన్నా రోజుకు నాలుగుసార్లు లేదా అంతకు మించి విరేచనాలు కావడం, లేదా రాత్రిపూట నిద్రలోంచి లేచి వెళ్ళాల్సి రావడం
- 24 గంటల్లో ఒకటి కన్నా ఎక్కువ వాంతులు, లేదా వికారంతో తిండి బాగా తగ్గిపోవడం
- నోట్లో నొప్పితో కూడిన ఎరుపు, వాపు, పుండ్లు
- అరిచేతుల్లో, అరికాళ్ళలో పనులకు అడ్డొచ్చేంత నొప్పి, వాపు
- 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ లేదా ఆపై జ్వరం, లేదా చలితో వణుకు
- ఛాతీలో నొప్పి, బిగుతు, ఆయాసం: దీనికి ఫోన్ దగ్గర ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి

చివరిదాని గురించి ఒక మాట. ఈ మందు కొందరిలో గుండె రక్తనాళాలు ఉన్నట్టుండి బిగుసుకునేలా చేస్తుంది. అంతకుముందు గుండె జబ్బు లేనివారిలో కూడా రావచ్చు. గ్యాస్ నొప్పిలే అనుకుని కూర్చోకండి, ఎమర్జెన్సీ డాక్టరుకు మొదటి మాటగా "కేపెసిటబిన్ వాడుతున్నాను" అని చెప్పండి. ఆ మాట వినకపోతే వాళ్ళకు ఆ అనుమానం రాకపోవచ్చు.

విరేచనాలు

రోజుకు మామూలుగా ఎన్నిసార్లు వెళ్తారో మందు మొదలుపెట్టక ముందే రాసుకోండి. లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. స్టోమా సంచి (మలం కోసం పొట్ట మీద అమర్చేది) ఉన్నవాళ్ళు సంచి ఎన్నిసార్లు నిండుతోందో గమనించాలి.

లోపెరమైడ్ మాత్రలు ముందుగానే రాయించి ఇంట్లో ఉంచుకోండి. సాధారణంగా మొదట 4 మిల్లీగ్రాములు, ఆ తర్వాత పలచగా అయిన ప్రతిసారీ 2 మిల్లీగ్రాములు వేసుకోమంటారు, డాక్టరు పర్యవేక్షణలో కూడా రోజుకు 16 మిల్లీగ్రాములు దాటకూడదు. జ్వరం ఉన్నా, మలంలో రక్తం కనిపించినా డాక్టరును అడగకుండా దీన్ని మొదలుపెట్టవద్దు. లోపెరమైడ్‌తో విరేచనాలు కట్టుకుంటున్నాయి కదా అని కీమో మాత్ర కొనసాగించడం ఇంకో పొరపాటు. మామూలు కన్నా నాలుగుసార్లు పెరిగాయంటే కీమో మాత్ర ఆగాల్సిందే.

ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లో నీళ్ళు తగ్గిపోవడం. నీరు తగ్గితే కిడ్నీ దెబ్బతింటుంది, కిడ్నీ దెబ్బతింటే మందు ఒంట్లోనే ఎక్కువసేపు ఉంటుంది, దాంతో విరేచనాలు ఇంకా పెరుగుతాయి. కాబట్టి ఓఆర్ఎస్‌ను గుక్కగుక్కగా మొదటి రోజు నుంచే తాగాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ అంచు సమంగా, కలుపుకోవచ్చు. కొవ్వు, కారం, పాలు కొద్దిరోజులు తగ్గించండి. మూత్రం ముదురు రంగుకు మారి తగ్గిపోయినా, లేచి నిలబడితే తల తిరుగుతున్నా ఇంటి వైద్యం చాలదు, సెలైన్ కావాలి. నీరు పోయేలా చేసే బీపీ మాత్రలు వాడుతుంటే ఆ రోజుల్లో వాటిని వేసుకోవాలో వద్దో కూడా ఫోన్‌లోనే అడగండి. చాలామంది అడగడం మరిచిపోయేది ఇదే.

అరిచేతులు, అరికాళ్ళు

ఈ మందుకు ప్రత్యేకమైన ఇబ్బంది హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్. మొదట తిమ్మిరి, చురుకులు, చర్మం బిగుసుకున్నట్టు ఉండడం, తర్వాత ఎరుపు, మంట, వాపు. ముదిరితే పొక్కులు లేచి, తోలు ఊడి, పగుళ్ళు పడి, గ్లాసు పట్టుకోవడం, చెప్పు వేసుకోవడం కూడా కష్టమవుతుంది. కొందరికి రెండో వారంలోనే మొదలవుతుంది, ఇంకొందరికి కొన్ని నెలలకు. పుస్తకాల్లో రాసే ఎరుపు ముదురు ఛాయ చర్మంలో స్పష్టంగా కనిపించదు. అరిచేతులు నల్లబడడం, గీతల దగ్గర మచ్చలు పడడం ముందుగా కనిపిస్తుంది. రంగు మారినంత మాత్రాన మందు ఆపక్కర్లేదు. చూపు కన్నా స్పర్శను నమ్మండి: బొత్తాం పెట్టుకుంటే, మూత తిప్పితే, నాలుగడుగులు నడిస్తే నొప్పి పుడుతోందా? పుడుతుంటే గీత దాటినట్టే.

జాగ్రత్తలు మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి, మంట వచ్చాక కాదు. సువాసన లేని మాయిశ్చరైజరుగానీ, 10 శాతం యూరియా క్రీముగానీ రోజుకు రెండు మూడుసార్లు రాయండి, గట్టిగా రుద్దకుండా. వేణ్ణీళ్ళ స్నానం, వేడినీటిలో గిన్నెలు తోమడం, పనిముట్లు బిగించి పట్టుకోవడం, బిగుతు చెప్పులు, దూరపు నడకలు, ఉత్తకాళ్ళతో తిరగడం తగ్గించండి. వేడి, రాపిడి, ఒత్తిడి ఈ మూడే చర్మానికి శత్రువులు. మంటగా ఉంటే చల్లటి నీళ్ళలో ముంచండి, ఐసు నేరుగా పెట్టవద్దు. పొక్కులు చిదపవద్దు.

నొప్పులకు పైపూతగా వాడే 1 శాతం డైక్లోఫెనాక్ జెల్‌ను ముందుజాగ్రత్తగా చేతులకు రాయడంపై ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన పరీక్ష 2024లో ప్రచురితమైంది. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్ జెల్ రాసినవారిలో 3.8 శాతం మందికి, ఉత్తుత్తి జెల్ రాసినవారిలో 15 శాతం మందికి వచ్చింది. మీకు సరిపడుతుందేమో డాక్టరును అడగదగిన విషయం. బి6 విటమిన్ మాత్రలను అలవాటుగా రాస్తుంటారు గానీ పరీక్షల్లో వాటితో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు.

ఒక వింత కూడా ఉంది. కొందరికి వేలిముద్రలు అరిగిపోతాయి. దీనివల్ల విమానాశ్రయంలో ఒక రోగిని నిలిపివేసిన ఉదంతం 2009లో వైద్య పత్రికకెక్కింది. వేలిముద్రతో తెరుచుకునే ఫోన్‌కు పిన్ పెట్టుకోండి, వేలిముద్ర అడిగే పనులు ఏవైనా ఉంటే ముందే ముగించుకోండి, లేదా డాక్టరు చీటీ దగ్గరుంచుకోండి.

జ్వరం, నోరు, వికారం, నీరసం

ఇంట్లో థర్మామీటరు ఉండాలి. జ్వరం చూసుకోకుండా పారాసిటమాల్ వేసుకోవద్దు, అది అంకెను దాచేస్తుంది. తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు జ్వరం ఒక్కటే ఇన్‌ఫెక్షన్‌కు గుర్తు కావచ్చు, పొద్దున చూద్దాంలే అనే వెసులుబాటు ఉండదు.

నోటికి మెత్తటి బ్రష్ వాడండి. లీటరు నీటిలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పుండును మండిస్తుంది. వికారానికి రాసిన మాత్ర వాంతి వచ్చాక వేసుకుంటే లాభం తక్కువ, కీమో మాత్రకు ముందే ఎంతసేపటికి వేసుకోవాలో అడిగి అలాగే చేయండి. నీరసం దాదాపు అందరికీ ఉంటుంది. జుట్టు ఈ ఒక్క మందుతో మొత్తం రాలిపోవడం అరుదు.

మొదటి వారంలోనే ముంచుకొస్తే

మొదటి సైకిల్ మొదటి కొద్దిరోజుల్లోనే తీవ్రమైన విరేచనాలు, నోటి పుండ్లు, జ్వరం, అయోమయం అన్నీ ఒకేసారి వస్తే అది మామూలు దుష్ప్రభావం అనుకోకూడదు, డీపీడీ లోపం ఉందేమో అనుమానించాలి. పొరపాటున ఎక్కువ మాత్రలు మింగినా ఇదే తొందర. యూరిడిన్ ట్రైఅసిటేట్ అనే విరుగుడు 2015లో అమెరికాలో అనుమతి పొందింది, చివరి మాత్ర తర్వాత 96 గంటల్లోపు మొదలుపెట్టాలి. అన్నిచోట్లా దొరకదు, అందుకే గంటలు విలువైనవి. మిగిలిన మాత్రల డబ్బాను వెంట తీసుకెళ్ళండి.

విరామ వారం, తర్వాతి సైకిల్

విరామంలో మాత్ర వేసుకోకపోయినా విరేచనాలు, చర్మం మంట ఆ వారంలో పెరగవచ్చు. ఫోన్ చేయాల్సిన గీతలు అప్పుడూ అవే. తర్వాతి సైకిల్ మొదలుపెట్టే ముందు రక్తకణాలు, కిడ్నీ, లివర్ పరీక్షల రిపోర్టులు డాక్టరు చూడాలి. రిపోర్టు రాకముందే కేలండర్ చూసి మొదలుపెట్టవద్దు.

అపాయింట్‌మెంట్‌కు ఒక పుస్తకం తీసుకెళ్ళండి. రోజుకొక వరుస చాలు: వేసుకున్న మాత్రలు, విరేచనాల సంఖ్య, ఉష్ణోగ్రత, చేతుల సంగతి, వారానికోసారి బరువు. "బాగానే ఉందండీ" అనే జవాబుతో డోసు సరిచేయడం ఎవరి తరమూ కాదు, "పదకొండో రోజు ఐదుసార్లు అయ్యాయి" అంటే వెంటనే తేలుతుంది. డోసును 75 శాతానికి తగ్గిస్తే మళ్ళీ పెంచరు, అది మీ ఒంటికి సరిపడే కొలత అనుకోండి. బరువు బాగా తగ్గితే కూడా చెప్పండి, డోసు లెక్క దాని మీదే ఆధారపడింది.

మందు వాడే కాలంలోనూ ఆ తర్వాతా గర్భం రాకుండా జాగ్రత్త పడాలి: మహిళలు చివరి డోసు తర్వాత 6 నెలలు, పురుషులు 3 నెలలు. చివరి డోసు తర్వాత రెండు వారాల వరకు బిడ్డకు పాలు ఇవ్వకూడదు. లైవ్ వ్యాక్సిన్లు (బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసేవి) వేయించుకునే ముందు ఆంకాలజిస్టును, అంటే క్యాన్సర్ డాక్టరును, అడగాలి. ఆపేసిన లేదా మిగిలిపోయిన మాత్రలను చెత్తబుట్టలో, టాయిలెట్‌లో పడేయకుండా, ఇంకో రోగికి ఇవ్వకుండా, డబ్బాతో సహా ఆసుపత్రి ఫార్మసీకి అప్పగించండి.